అన్నా, ఈ పెడల్ ఎట్లుంటది?

తిరుగుతున్న టేబుల్ ఫ్యాన్ ముందు కూర్చుని 'ఆ...' అని రాగం తీయని పిల్లలు ఉండరేమో! నున్నగా వెళ్లిన గొంతు రెక్కల మధ్య నలిగి 'అ అ అ అ' అంటూ వణుకుతూ తిరిగొస్తుంది. పెద్దవాళ్లు కసిరేదాకా ఆ ఆట సాగుతూనే ఉంటుంది. అదే ఆటను ఓ చిన్న లోహపు డబ్బాలో పెట్టి, కాలితో నొక్కడానికో బటన్ తగిలించి, గిటార్‌కీ ఆంప్లిఫయర్‌కీ మధ్య కలిపితే... దాని పేరు మాడ్యులేషన్ పెడల్.

చూడ్డానికి అరచేతిలో ఇమిడిపోతుంది. పైన ఒకటో, రెండో, మూడో నాబ్‌లు. అంతే. కానీ దాని గురించి గిటార్ వాయించేవాళ్లని అడిగి చూడండి... క్రికెట్ జట్టు ఎంపిక మీద కూడా అంత వాదన జరగదు!

సంతోష్‌నగర్ సంగతే తీసుకుందాం. ఓ పక్క సైదాబాద్, ఇంకో పక్క చంపాపేట, ఇటు దిగితే కంచన్‌బాగ్. ఉద్యోగస్తులూ చిన్న వ్యాపారులూ పక్కపక్కనే బతికే పాతబస్తీ పేట. ఇక్కడ ఇంటర్ చదివే ఓ అబ్బాయి, పండక్కీ పుట్టినరోజుకీ చేతిలో పడిన డబ్బులు దాచిపెట్టి ఓ కోరస్ పెడల్ కొనాలనుకున్నాడనుకోండి. మొదట చేసే పనేంటి? తెలిసినవాళ్లని అడగడం.

'అన్నా, ఈ పెడల్ ఎట్లుంటది?'

పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రాకు వాయించే అన్న 'మస్తుంటది తమ్మీ, కండ్లు మూస్కొని తీస్కో' అంటాడు. కాలేజీ బ్యాండు కుర్రాడు 'పాత సౌండ్ రా అది, పైసల్ దండుగ' అని పెదవి విరుస్తాడు. చర్చిలో ఆదివారం ఆదివారం వాయించే ఆయన 'మంచిదే గానీ, జర తక్కువ పెట్టుకోవాలె' అంటాడు. పాఠం చెప్పే మాస్టారు 'ముందు నీ చెయ్యి తిరగనీ బాబూ, డబ్బాల సంగతి తర్వాత చూద్దాం' అంటారు. ఇక ఇంట్లో నాన్న మాట సరేసరి... 'గిటార్ కొన్నం గద, మళ్ల గిదేంది?'

ఒకటే పెడల్. ఐదు తీర్పులు. ఇందులో అబద్ధం చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ అబ్బాయి మాత్రం ఏడాదిపాటు కూడబెట్టిన డబ్బుని ఎవరి మాట మీద పెట్టాలో తేల్చుకోవాలి. ఈ చిక్కుముడి విప్పాలంటే ముందు ఆ డబ్బాలో ఏం జరుగుతుందో తెలియాలి.

ఈ పేటకి కొత్తేం కాదు!

మాడ్యులేషన్ అన్న మాట కొత్తగానీ, ఆ శబ్దం పాతబస్తీకి కొత్తది కాదు. ఇక్కడికి దగ్గర్లోనే బార్కస్ ఉంది. నిజాం కొలువులో పనిచేసిన అరబ్బు సిపాయిల వారసులు ఉండే చోటు. ఆ అరబ్బులతో, ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలతో హైదరాబాద్ చేరిందే మర్ఫా. పెళ్లి బారాత్‌లో పదిమంది కలిసి మర్ఫా వాయిస్తుంటే శ్రద్ధగా వినండి. అందరూ ఒకటే దెబ్బ కొడుతున్నారు. కానీ ఏ ఇద్దరి దెబ్బా సరిగ్గా ఒకే క్షణంలో పడదు. వెంట్రుకవాసి తేడా ఉంటుంది. ఆ తేడా వల్లే పదిమంది శబ్దం ఒకే మనిషి శబ్దాన్ని పదిరెట్లు పెంచినట్టు కాకుండా 'గుంపు' శబ్దంలా వినపడుతుంది. కోరస్ అంటే ఇదే. బృందగానంలో ఇరవై గొంతులకి ఆ నిండుదనం తెచ్చేదీ ఆ చిన్న చిన్న తేడాలే.

శ్రుతిలోనూ అంతే. ఒక తీగ సెకనుకి 440 సార్లు, పక్క తీగ 442 సార్లు కంపిస్తే మన చెవికి రెండు స్వరాలు వినపడవు. సెకనుకి రెండుసార్లు ఉబ్బి తగ్గే ఒకే స్వరం వినపడుతుంది. పాత సినిమా పాటల్లో అకార్డియన్ అంత తియ్యగా వణకడానికి కారణం ఇదే. అందులో ఒకే స్వరానికి రెండు రీడ్లు పెట్టి, ఒకదాన్ని కావాలనే కాస్త పక్క శ్రుతిలో ఉంచుతారు.

తంబుర సంగతి చెప్పనే అక్కర్లేదు. గుర్రం మీద తీగ కింద దూర్చే సన్నటి దారం పోగునే 'జీవ' అంటారు. పేరులోనే ఉంది చూడండి ప్రాణం! ఆ పోగుని సరైన చోటికి జరిపితే మీటిన ఒక్క స్వరంలోంచే పై స్వరాలు ఒకదాని తర్వాత ఒకటి మెరుస్తూ పైకి కిందికి జారుతుంటాయి. ఫేజర్ పెడల్‌ని మొదటిసారి విన్న మనవాళ్లకి తంబుర గుర్తొస్తే అందులో వింతేం లేదు.

ఇంకొకటి. ఉప్పుగూడ, యాకుత్‌పురా స్టేషన్ల దగ్గర రైలు కూత వేస్తూ దూసుకుపోతుంటే, మనల్ని దాటగానే ఆ కూత శ్రుతి దిగిపోతుంది కదా. ఆ డాప్లర్ సూత్రాన్ని గదిలోకి తెచ్చిన ఘనత డొనాల్డ్ లెస్లీ అనే అమెరికన్‌ది. 1940ల నాటికి ఆయన స్పీకర్ పెట్టెలో హారన్‌నే గిరగిరా తిప్పేశాడు! హామండ్ ఆర్గాన్‌కి అది ప్రాణం పోసింది. తమాషా ఏంటంటే, ఆ ఆర్గాన్ తయారుచేసిన లారెన్స్ హామండ్‌కి లెస్లీ స్పీకర్ నచ్చలేదు. వాయించేవాళ్లకి మాత్రం అది లేని ఆర్గాన్ చప్పగా అనిపించింది. చివరికి 1980లో హామండ్ కంపెనీయే లెస్లీని కొనుక్కుంది. తయారీదారు అభిప్రాయం మీద వాయించేవాళ్ల చెవి గెలిచిందన్నమాట.

ఐదుగురు అన్నదమ్ములు

మాడ్యులేషన్ పెడల్స్ కుటుంబంలో ముఖ్యులు ఐదుగురు. శబ్దం హెచ్చుతగ్గుల్ని లయగా మార్చేది ట్రెమొలో. మన టేబుల్ ఫ్యాన్‌కి దగ్గరి చుట్టం. శ్రుతిని పైకీ కిందికీ ఊపేది వైబ్రాటో. మిగిలిన ముగ్గురూ అసలు శబ్దానికి దాని నకలుని కలిపి మాయ చేసేవాళ్లు.

గిటార్ శబ్దానికి నకలు తీసి, దాన్ని సెకనులో వెయ్యోవంతులు కొన్ని ఆలస్యం చేసి, అసలుతో కలుపుతారు. ఆ ఆలస్యం పదిలోపు ఉండి అటూ ఇటూ మారుతుంటే జెట్ విమానం నెత్తిమీదుగా పోయినట్టుంటుంది. అది ఫ్లాంజర్. ఇరవై, ముప్పై దాకా వెళ్తే ఇద్దరు గిటారిస్టులు కలిసి వాయించినట్టుంటుంది. అది కోరస్. ఆలస్యం బదులు తరంగం దశను మార్చి కలిపితే నీళ్లలో సుడి తిరిగినట్టుంటుంది. అది ఫేజర్.

ఆ ఆలస్యం ఎంతో ఊహకి అందాలంటే... గాలిలో శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు వెళ్తుంది. తెల్లవారుజామున దూరంగా ఉన్న రెండు మసీదుల్లోంచి అజాన్ ఒకదాని వెనక ఒకటిగా చెవిన పడేది ఆ దూరాల వల్లే. గుడి మైకుల్లో సుప్రభాతమూ అంతే. వందల మీటర్ల తేడా అయితే విడివిడిగా వినపడుతుంది. అదే తేడాని ఏడు మీటర్లకి, అంటే ఓ హాలు పొడవుకి కుదిస్తే, రెండూ కలిసిపోయి ఒకే చిక్కటి శబ్దం అవుతుంది. కోరస్ డబ్బాలో ఉన్నది ఆ ఏడు మీటర్ల దూరమే!

అంత దూరాన్ని చిన్న డబ్బాలోకి ఎలా దూర్చారు? 1969లో ఫిలిప్స్ పరిశోధకులు సాంగ్‌స్టర్, టేర్ ఓ ఉపాయం కనిపెట్టారు. నిప్పంటుకున్నప్పుడు బావి దగ్గర్నుంచి ఇంటిదాకా జనం వరసగా నిలబడి బకెట్లు అందించుకుంటారు కదా. అచ్చం అలాగే శబ్దాన్ని చిన్న చిన్న విద్యుదావేశాలుగా చేసి, వందల మెట్ల మీదుగా ఒకరి నుంచి ఒకరికి అందించే చిప్ అది. పేరు కూడా 'బకెట్ బ్రిగేడ్' అనే పెట్టారు. అనలాగ్ కోరస్ పెడల్స్ అన్నిటికీ గుండెకాయ ఇదే.

పేర్లలోనే తిరకాసు

అభిప్రాయాలు తేడా రావడానికి మొదటి కారణం పేర్లే. 1954లో ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ గిటార్ తెచ్చింది. దాని బ్రిడ్జికి ఉన్న కడ్డీని 'ట్రెమొలో' అంది. నిజానికి అది ఊపేది శ్రుతిని. అంటే వైబ్రాటో! అదే కంపెనీ ఆంప్లిఫయర్ల మీద 'వైబ్రాటో' అని రాసినచోట మారేది శబ్దం హెచ్చుతగ్గులు. అంటే ట్రెమొలో! డెబ్బై ఏళ్లు దాటినా ఆ తిరకాసు ఇంకా వదల్లేదు. 'వైబ్రాటో బాగుంది' అని ఎవరైనా అంటే, ఏది బాగుందో మళ్లీ అడిగి తెలుసుకోవాల్సిందే.

యూనివైబ్ కథ ఇంకా విచిత్రం. జపాన్ ఇంజినీరు ఫుమియో మియెదా 1960ల చివర్లో దాన్ని తయారుచేశాడు. మధ్యలో ఓ చిన్న బల్బు. దాని చుట్టూ వెలుతురుని పసిగట్టే నాలుగు ఫొటోసెల్స్. బల్బు వెలుగుతూ ఆరుతూ ఉంటే ఆ లయకి శబ్దం తరంగం దశ మారుతుంటుంది. డబ్బా మీద 'కోరస్' అని రాసి ఉంటుంది. వినిపించేది మాత్రం ఫేజర్! 1969 ఆగస్టులో వుడ్‌స్టాక్ వేదిక మీద జిమీ హెండ్రిక్స్ దాన్ని వాడాడు. తర్వాత రాబిన్ ట్రోవర్ 1974లో వచ్చిన 'బ్రిడ్జ్ ఆఫ్ సైస్' ఆల్బమ్‌లో అదే శబ్దాన్ని తన సంతకంగా చేసుకున్నాడు. లెస్లీ స్పీకర్‌కి అది బొత్తిగా సరైన నకలు కాదు. ఆ 'సరిగ్గా రాకపోవడమే' దాని అందమైంది. ఇప్పటికీ బల్బు ఉన్న యూనివైబ్ కోసం వెతికేవాళ్లు ఉన్నారు.

తీపి ఎక్కువైతే...

రెండో కారణం కాలం. 1975లో రోలాండ్ కంపెనీ జేసీ-120 ఆంప్లిఫయర్‌లో కోరస్‌ని పెట్టింది. మరుసటేడు అదే సర్క్యూట్‌ని విడిగా పెట్టెలో పెట్టి బాస్ పేరుతో సీఈ-1 తెచ్చింది. తొలి కోరస్ పెడల్ అదే. 1979లో వచ్చిన సీఈ-2 ఇంకా చిన్నది. నాబ్‌లు రెండే... ఒకటి వేగం, ఇంకోటి లోతు. ఆ తర్వాత పదేళ్లు కోరస్‌దే రాజ్యం. పాశ్చాత్య పాప్ పాటల్లో గిటార్ మోగిందంటే వెనక ఆ తళతళ ఉండాల్సిందే. ఎంతగా వాడారంటే చివరికి వెగటు పుట్టింది. పెళ్లి భోజనంలో పదో మిఠాయిలా అన్నమాట.

తొంభైల్లో వచ్చిన కుర్రకారు కోరస్ అంటే ముఖం తిప్పుకున్నారు. విచిత్రం చూడండి... అదే తరానికి ప్రతినిధి అయిన నిర్వాణా బ్యాండు కర్ట్ కొబేన్ 1991లో 'కమ్ యాజ్ యూ ఆర్' పాటకి వాడింది కోరస్ పెడలే! ఎలక్ట్రో హార్మోనిక్స్ వాళ్ల స్మాల్ క్లోన్. ఒక నాబ్, ఒక స్విచ్. అంతే. ఎనభైల్లో పెళ్లికూతురి అలంకారంలా మెరిసిన శబ్దం అతని చేతిలో వానాకాలం చెరువులా మసకగా వినిపించింది. 2016లో బాస్ కంపెనీ సీఈ-2 శబ్దాన్ని సీఈ-2డబ్ల్యూగా మళ్లీ బయటికి తెచ్చింది. ఒక తరం పారేసినదాన్ని తర్వాతి తరం వెతికి తెచ్చుకుంది.

ఇప్పుడు సంతోష్‌నగర్ అబ్బాయికి దొరికిన జవాబుల్ని మళ్లీ చూడండి. 'మస్తుంటది' అన్న ఆర్కెస్ట్రా అన్న ఎనభైల పాటలు వాయించేవాడు. ఫంక్షన్ హాల్లో ఆ పాటలకి ఆ తళుకు కావాలి. 'పాత సౌండ్' అన్న కాలేజీ కుర్రాడికి తనదైన ముద్ర కావాలి. చర్చిలో వాయించే ఆయనకి పాట మాటలు అందరికీ వినపడాలి, గిటార్ వెనక నిలబడాలి. ముగ్గురూ పెడల్ గురించి చెప్పారనుకుంటాం. చెప్పింది మాత్రం తమ పని గురించి.

గది మాట, తీగ మాట, కరెంటు మాట

మూడో కారణం ఎవరూ పట్టించుకోనిది. ఒకే పెడల్ రెండుచోట్ల ఒకేలా మోగదు.

జేసీ-120లో స్పీకర్లు రెండు. ఒకదాంట్లోంచి అసలు శబ్దం, రెండోదాంట్లోంచి ఊగే నకలు వస్తాయి. రెండూ కలిసేది గదిలోని గాల్లో. అందుకే ఆ కోరస్ అంత విశాలంగా ఉంటుంది. అలాంటి జోడు స్పీకర్ల మీద విన్నవాళ్లు 'స్వర్గం' అంటారు. అదే తరహా పెడల్‌ని ఇంట్లో ఆరంగుళాల స్పీకరున్న ఒకే ఒక్క చిన్న ఆంప్‌కి తగిలిస్తే, అసలూ నకలూ డబ్బాలోనే కలిసిపోయి, సగం అందం లోపలే ఉండిపోతుంది. 'ఇంతేనా?' అనిపిస్తుంది. ఇద్దరూ నిజమే చెప్పారు!

వరస కూడా ముఖ్యమే. గిటార్ శబ్దాన్ని చిరచిరలాడించే డిస్టార్షన్‌కి ముందు ఫేజర్ పెడితే ఒకలా, తర్వాత పెడితే ఇంకోలా ఉంటుంది. ఎడ్డీ వాన్ హేలెన్ 1978 నాటి తొలి ఆల్బమ్‌లో ఎంఎక్స్ఆర్ ఫేజ్ 90ని ఆంప్‌కి ముందు పెట్టి వాయించాడు. కరుకుదనమంతా ఆంప్‌లోంచి వచ్చేది కాబట్టి సుడి దాని లోపలే తిరిగినట్టుండేది. ఆ శబ్దం కోసం అదే నారింజ రంగు డబ్బా కొని, డిస్టార్షన్ తర్వాత తగిలించి, 'రావట్లేదు' అని తిట్టుకున్నవాళ్లకి లెక్కేలేదు.

ఆ ఫేజ్ 90లోనే ఇంకో గొడవ ఉంది. 1974లో వచ్చినప్పుడు డబ్బా మీద కంపెనీ పేరు గొలుసుకట్టు రాతలో ఉండేది. తర్వాత అచ్చక్షరాల్లోకి మారింది. రాతతోపాటు లోపలి సర్క్యూట్‌లోనూ చిన్న మార్పు జరిగింది. శబ్దంలో కొంత భాగాన్ని మళ్లీ వెనక్కి పంపే దారి ఒకటి చేరింది. దాంతో సుడి మరింత పదునెక్కింది. పాతది మెత్తన, కొత్తది కరుకు. ఒక్క రెసిస్టర్ పీకేస్తే కొత్తది పాతదానిలా మోగుతుందని తెలిసి, టంకం కడ్డీ పట్టుకున్నవాళ్లు ఎందరో. తర్వాత కంపెనీయే వాన్ హేలెన్ పేరుతో తెచ్చిన పెడల్‌లో రెండు శబ్దాల మధ్య మార్చుకునే బటన్ పెట్టింది! కాబట్టి 'ఫేజ్ 90 నాకు నచ్చలేదు' అని ఎవరైనా అంటే, ఏ ఫేజ్ 90 అని అడగాల్సిందే.

ఇక కరెంటు. చాలా పెడల్స్ 9 వోల్టులతో నడుస్తాయి. కోఠి గుజరాతీ గల్లీలో చవగ్గా దొరికే అడాప్టర్ 9 వోల్టులదే కావచ్చు. కానీ ఎక్కువ పెడల్స్‌కి పిన్ను మధ్యభాగం నెగెటివ్ ఉండాలి. ఇంట్లో పడి ఉండే అడాప్టర్లలో చాలావాటికి మధ్యలో పాజిటివ్ ఉంటుంది. తప్పుగా పెడితే పెడల్ పనిచేయకపోవచ్చు, పాడైపోనూవచ్చు. పాత ఇళ్లలో ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే 'గుయ్' మని మోత. ఒకే అడాప్టర్‌కి గొలుసుకట్టుగా నాలుగు పెడల్స్ తగిలించినా మోతే. 'ఈ పెడల్ రొద ఎక్కువ' అన్న అభిప్రాయాల్లో కొన్నిటికి అసలు ముద్దాయి గోడలోని ప్లగ్గు!

చివరికి పెడల్ ఆపేసినప్పుడు కూడా గొడవే. కొన్ని పెడల్స్ ఆపితే శబ్దం తిన్నగా బయటికి పోతుంది. దాన్ని ట్రూ బైపాస్ అంటారు. బాస్ లాంటివి ఆపినా శబ్దాన్ని బఫర్ అనే చిన్న సర్క్యూట్ గుండా పంపిస్తాయి. పొడుగాటి తీగలు వాడేవాళ్లకి బఫర్ మేలు. తీగ పొడవు పెరిగేకొద్దీ గిటార్ పదును తగ్గిపోతుంది కాబట్టి దాన్ని బఫర్ కాపాడుతుంది. గదిలో మూడు మీటర్ల తీగతో వాయించేవాళ్లకి ఆ తేడా పెద్దగా తెలియదు. అయినా రెండు పక్షాలూ ఒకర్నొకరు దుయ్యబట్టుకుంటూనే ఉంటాయి.

మాస్టారి మాటలో మర్మం

'ముందు నీ చెయ్యి తిరగనీ' అన్న మాస్టారి మాట అబ్బాయికి పాతకాలపు చాదస్తంలా అనిపించొచ్చు. కానీ మన సంగీతం వైపు నుంచి చూస్తే అందులో చాలా ఉంది.

స్వరాన్ని నిలబెట్టి దాన్ని ఊపడం మనకి పెడల్స్‌తో రాలేదు. గమకం అంటే అదే. వీణ మీద మెట్టు దగ్గర తీగని పక్కకి లాగి, వదిలి, మళ్లీ లాగి ఒక స్వరంలోంచి ఇంకో స్వరాన్ని పలికిస్తారు. ఎంత వేగం, ఎంత లోతు... పెడల్ మీద ఉన్న ఆ రెండు నాబ్‌లూ వైణికుడికి వేలి కొసన ఉంటాయి. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి వీణ పాడినట్టుండేదనేవారు. ఆయన శిష్యుడు కాకినాడ చిట్టిబాబు వీణని ఇంటింటికీ చేర్చారు. ఇద్దరి వేళ్లకీ రాగాన్ని బట్టి, ఆ రాగంలో స్వరాన్ని బట్టి ఊపు మారేది. పెడల్‌కి ఆ విచక్షణ లేదు. మీరు పెట్టిన వేగంతో ప్రతి స్వరాన్నీ ఒకేలా ఊపుతుంది.

పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ చేసిన పని ఇంకా గొప్ప పాఠం. మామూలు మాండలిన్‌కి నాలుగు జతల తీగలుంటాయి. ప్రతి జతలో రెండూ ఒకే శ్రుతిలో ఉంటాయిగానీ, ముందు చెప్పుకున్నట్టు వెంట్రుకవాసి తేడా ఉంటుంది. అంటే ఆ వాద్యంలోనే ఓ కోరస్ పెడల్ పుట్టుకతో ఉందన్నమాట! శ్రీనివాస్ ఏం చేశారు? జతలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నారు. మరో తీగ చేర్చి ఐదు చేశారు. వాద్యాన్ని ఎలక్ట్రిక్ చేశారు. ఒంటి తీగ అయితేనే గమకం లొంగుతుంది, స్వరం స్పష్టంగా సాగుతుంది. సహజంగా వచ్చే తళుకుని వదులుకుని, వేలితో పుట్టే ఊపుని తెచ్చుకున్నారు. 2014లో ఆయన వెళ్లిపోయారుగానీ, ఆ ఎంపిక మాత్రం పెడల్ కొనే ప్రతి కుర్రాడి ముందూ ప్రశ్నలా నిలబడే ఉంది.

అంటే పెడల్ వద్దనా? కాదు. వేలు చేయలేనివి పెడల్ చేస్తుంది. గిటార్ ఆరు తీగలూ ఒక్కసారి మీటి, ఆ మొత్తాన్నీ నీళ్లలో ముంచినట్టు ఊపడం వేలి వల్ల కాదు. ఒక్క గిటార్‌ని ఇద్దరిలా వినిపించడమూ కాదు. ఒంటి స్వరాన్ని వణికించడానికే పెడల్ కొంటుంటే మాత్రం ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు. ఆ పని చెయ్యడానికి చూపుడువేలూ, ఆరునెలల సాధనా చాలు.

అడిగే ప్రశ్న మారితే...

'ఎట్లుంటది?' అనడిగితే 'మస్తుంటది' అనో, 'దండుగ' అనో జవాబొస్తుంది. ఆ రెండిటితోనూ ఉపయోగం లేదు. అదే అన్నని ఇంకోలా అడగాలి. అన్నా, ఏ ఆంప్ మీద వాయిస్తవు? స్పీకర్ ఒకటా, రెండా? ఏ పాటకి వాడతవు? పాటంతా పెట్టి ఉంచుతవా, నడుమ రెండు వరసలకేనా? డిస్టార్షన్‌కి ముందా, వెనకా? కొని ఎన్నేండ్లయింది, ఇప్పుడు కూడా వాడుతున్నవా? ఈ ప్రశ్నలకి వచ్చే జవాబుల్లో పెడల్ గుణం దానంతటదే బయటపడుతుంది. ముఖ్యంగా చివరి ప్రశ్న. కొన్న వారానికి చెప్పే మాట మోజు. మూడేళ్ల తర్వాత చెప్పే మాట అనుభవం.

కొనేముందు దుకాణానికి సొంత గిటార్ తీసుకెళ్లాలి. వీలైతే సొంత ఆంప్ కూడా. అక్కడి పెద్ద ఆంప్ మీద పెళ్లిచూపుల్లో అమ్మాయిలా అన్ని పెడల్సూ ముస్తాబై కనిపిస్తాయి మరి! నాబ్‌లు పూర్తిగా తిప్పి వినడం అందరూ చేసే పనే. అది మొదటి నిమిషం ముచ్చట. బాగా వచ్చిన ఒక పాట ఎంచుకుని, వేగం, లోతు రెండూ సున్నా దగ్గర మొదలుపెట్టి, ఊపు తెలిసీ తెలియనంత వరకే పెంచి, పాట మొత్తం వాయించాలి. అక్కడ బాగుంటే ఇంట్లోనూ బాగుంటుంది. రెండో చేతి పెడల్ అయితే నాబ్‌లు తిప్పుతున్నప్పుడు 'కరకర' మంటుందేమో, బటన్ ఒక్క నొక్కుకే పడుతుందో లేదో చూసుకోవాలి. అడాప్టర్ పిన్ను గుర్తు సరిపోల్చుకోవాలి.

ఇక నాన్నగారి ప్రశ్న మిగిలింది. 'మళ్ల గిదేంది?' అన్నదానికి జవాబు మాటల్లో చెబితే నిలవదు. అబ్బాయి స్నేహితుడి దగ్గర అలాంటి పెడల్ ఓ వారం అడిగి తెచ్చుకోవడం మంచిది. వంటింట్లో ఉన్న అమ్మకి ఏమీ చెప్పకుండా పాట వాయించాలి. పెడల్ వేసినప్పుడు 'ఏంట్రా ఆ మోత' అని ఆమె అందంటే నాబ్ ఎక్కువైనట్టు. వేసినా తీసినా పట్టించుకోకపోతే ఆ డబ్బు బ్యాంకులోనే ఉంచుకోవచ్చు. పెడల్ వేసి ఉన్నంతసేపూ ఏమీ అనకుండా, తీసేసిన వెంటనే 'అదేంట్రా, పాట ఒక్కసారిగా చిన్నబోయింది?' అని అడిగిందనుకోండి... ఆ పెడల్ గురించి ఇంకెవరి అభిప్రాయమూ అక్కర్లేదు!